మా అత్తయ్య, రెడ్డిగారి టీమ్

మొన్న తెనాలికి వీడియో కాల్ చేస్తే అత్తయ్య మేడ మీద ఉన్నారు, మాగాయ ముక్కలు ఎండబెడుతున్నారు, నెత్తి మీద ఆకుపచ్చ టోపీ, దాని మీద పసుపుపచ్చ ఇంగ్లీషు ఏ అక్షరం, దారాలు లేచిపోయి సగం చెరిగిపోయినట్టుంది. ఆ టోపీ 2012లో ఓక్లండ్ కొలీజియం స్టేడియం బయట బార్ట్ రైలు స్టేషన్ వంతెన మీద దుప్పటి పరుచుకుని అమ్ముకునేవాడి దగ్గర కొన్నది. బేరం ఆడింది నేను కాదు, ఆవిడే, అదీ తెలుగులో. వాడు ఇరవై అన్నాడు, ఆవిడ పది వేళ్ళు చూపించారు, పన్నెండు డాలర్లకి తెగింది.

"మనవాళ్ళు ఎలా ఆడుతున్నారు అల్లుడుగారూ" అని అడిగారు. మనవాళ్ళంటే మా చుట్టాలు అనుకునేరు, బేస్‌బాల్ టీమ్. ఓక్లండ్ అథ్లెటిక్స్, అందరూ ఏస్ అంటారు. ఇప్పుడు పేరులో ఓక్లండ్ కూడా లేదు, ఉత్త అథ్లెటిక్స్ అంతే. శాక్రమెంటో పక్కన చిన్న లీగ్ వాళ్ళ గ్రౌండులో ఆడుకుంటున్నారు, మహా అయితే పద్నాలుగు వేల మంది పడతారు, 2028కి లాస్ వేగస్‌లో సొంత స్టేడియం కట్టుకుని వెళ్ళిపోతారట. కొత్త కుర్రాడు నిక్ కర్ట్జ్ అని ఒకడొచ్చాడు, 2025 జులై 25న హ్యూస్టన్‌లో ఒక్క మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు, ఆ రాత్రి టీవీలో చూస్తూ నేనొక్కణ్ణే సోఫాలోంచి లేచి నిలబడిపోయాను, తర్వాత ఎందుకో చిరాకేసి టీవీ కట్టేశాను. అద్దె కొంపలో ఉన్నప్పుడే ఇంత బాగా ఆడాలా వీళ్ళు.

అసలు నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలంటే 2002కి పోవాలి. డాట్ కామ్ బుడగ పేలిపోయి జనమంతా సామాన్లు సర్దుకుని ఇండియాకి వెళ్ళిపోతున్న రోజుల్లో నేను దిగాను ఫ్రీమాంట్‌లో. డబుల్ బెడ్రూమ్ అపార్ట్‌మెంట్లో నలుగురం, ఎనిమిదో చెయ్యి మారిన కరోలా కారొకటి, దానిలో క్యాసెట్ ప్లేయర్ పాడైపోయి రేడియో ఒక్కటే పనిచేసేది, ఆ రేడియోలో సాయంత్రం ఏడు దాటితే బిల్ కింగ్ అని ఒక పెద్దాయన గొంతు. ఆయన కామెంటరీ చెబుతుంటే నాకు సగం అర్థమయ్యేది కాదు గానీ ఏదో జరుగుతోందని మాత్రం వొళ్ళంతా తెలిసేది, ఏదైనా అద్భుతం జరిగితే "హోలీ టొలీడో" అని అరిచేవాడు. మా నాన్న ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని క్రికెట్ కామెంటరీ వినడం గుర్తొచ్చేది. క్రికెట్ తిని పెరిగినవాడికి బేస్‌బాల్ మొదట్లో బిళ్ళంగోడులా ఉంటుంది, బంతి నేల మీద పడకుండానే కొట్టాలి, బ్యాట్ కింద పడేసి పరిగెత్తాలి, ఇదేం ఆటరా బాబూ అనుకుంటాం. ఓ నెల రోజులు ఓపిక పడితే అది మనల్ని పట్టుకుంటుంది, ఇక వదలదు.

ఆ ఏడాదే వరసగా ఇరవై మ్యాచ్‌లు గెలిచారు. న్యూయార్క్ యాంకీస్ టీమ్ ఆటగాళ్ళ జీతాలకి నూట ఇరవై మిలియన్ల పైన ఖర్చు పెడితే మనవాళ్ళు నలభై చుట్టూ పెట్టి 103 మ్యాచ్‌లు గెలిచారు, బిల్లీ బీన్ అని జనరల్ మేనేజర్, ఎవరూ వద్దన్న ఆటగాళ్ళని లెక్కలు వేసి ఏరుకొచ్చాడు, దాని మీద మనీబాల్ అని పుస్తకం, సినిమా అన్నీ వచ్చాయి, మీకూ తెలిసే ఉంటుంది. ఆ ఇరవయ్యో మ్యాచ్‌కి, సెప్టెంబర్ 4న, నేను స్టేడియంలో ఉన్నాను. ఉన్నాను అని చెప్పుకునే హక్కు నాకు లేదసలు. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, మూడు ఇన్నింగ్స్‌కే మనం 11-0 ముందున్నాం. ఏడో ఇన్నింగ్స్ అయ్యేసరికి 11-5, ఇంకేముందిలే గెలిచేశాం, పొద్దున్నే ఆఫీసు, జనం ఎగబడకముందే బార్ట్ ఎక్కేద్దాం అని లేచి వచ్చేశాను. రూముకొచ్చేసరికి రూమ్మేట్ తలుపు తీసి "చూశావా, చూశావా" అంటున్నాడు. "గెలిచాం కదా" అన్నాను. 11-11 అయిపోయిందట, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హాటెబర్గ్ బెంచీ మీంచి లేచొచ్చి హోమ్ రన్ కొట్టి 12-11తో గెలిపించాడట. నా జేబులో ఇంకా టికెట్ ముక్క ఉంది. ఆ రోజు నించీ ఏ మ్యాచ్ నించీ మధ్యలో లేచి రాలేదు, 14-2తో ఓడిపోతున్నా సరే ఆఖరి అవుట్ దాకా కూర్చుంటాను, మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

అంత గెలిచినవాళ్ళు ప్లేఆఫ్స్‌లో మాత్రం మొదటి మెట్టు మీదే జారిపడేవాళ్ళు. 2000లో యాంకీస్ మీద 3-2, 2001లో మళ్ళీ యాంకీస్ మీదే 3-2 (అదీ ముందు 2-0 ఆధిక్యంలో ఉండి), 2002లో మిన్నెసోటా మీద 3-2, 2003లో బోస్టన్ మీద మళ్ళీ 2-0 నించి 3-2. నాలుగేళ్ళు వరసగా పెళ్ళిచూపులు, నాలుగేళ్ళూ తాంబూలాల దగ్గరే ఆగిపోవడం. 2006లో ఎలాగో ఒక మెట్టెక్కారు, డిట్రాయిట్ వాళ్ళు నాలుగుకి నాలుగు గెలిచి కిందకి తోసేశారు.

సరే అత్తయ్య దగ్గరకి వస్తాను. 2012 జూన్‌లో మా వాడు పుట్టాడు, పురిటికని అత్తయ్య మే నెలలోనే వచ్చారు, ఆరు నెలల స్టాంపు. అమెరికా వచ్చిన అమ్మలందరి కష్టమే ఆవిడదీ, పగలంతా పని, సాయంత్రమైతే ఏమీ తోచదు. మేము తెలుగు చానెళ్ళు పెట్టించుకోలేదు, పెట్టిద్దాంలే అని వాయిదా వేస్తూ ఉన్నాం. నేను ఆఫీసు నించి రాగానే మ్యాచ్ పెట్టేవాణ్ణి, ఆవిడ బిడ్డని ఒళ్ళో వేసుకుని అటు చూసేవారు, గత్యంతరం లేక. బేస్‌బాల్‌లో ఒక సుగుణం ఏంటంటే రోజూ ఉంటుంది, సీజన్‌కి 162 మ్యాచ్‌లు, సరిగ్గా ఏడింటికి మొదలు. ఆవిడకి అది సీరియల్. అవే మొహాలు, అదే ఇల్లు, నిన్న ఏడిచినవాడు ఇవాళ నవ్వుతాడు.

ఒక రోజు స్క్రీన్ మీద పేరు కూడబలుక్కుని చదివారు. "రెడ్డి. మన రెడ్డేనా? కడప వైపా?"

"రెడ్డిక్ అత్తయ్యా, జాష్ రెడ్డిక్. జార్జియా వాడు."

"ఎక్కడైతేనేం లెండి" అన్నారు. ఆ రోజు నించి ఆయన రెడ్డిగారు. క్యూబా నించి వచ్చిన సెస్పెడెస్ శేషుబాబు అయ్యాడు. కోకో క్రిస్ప్‌కి పేరు మార్చక్కర్లేదు, పిల్లాణ్ణి కూడా కోకో అనే పిలవడం మొదలెట్టారు. ఆఖర్న బంతులేసే గ్రాంట్ బాల్ఫర్ అని ఆస్ట్రేలియా ఆయన మట్టిగుట్ట మీద నిలబడి తనని తానే తిట్టుకుంటుంటాడు, ఆయన్ని చూస్తే మటుకు "వచ్చాడమ్మా కోపిష్ఠి, బీపీ ఉన్నట్టుంది" అనేవారు. ఆ ఏడాది ఆఖరి క్షణంలో గెలిచిన మ్యాచ్‌లు బోలెడు, గెలిచినప్పుడల్లా రెడ్డిగారు వెనకనించి వచ్చి గెలిపించినవాడి మొహాన క్రీమ్ పై కొట్టేవాడు. "తినేది మొహాన కొడతారేంటండీ, అపచారం" అని మొదట్లో బాధపడ్డారు గానీ, ఆగస్టుకొచ్చేసరికి గెలవగానే "పడింది, పడింది, ఇంకోటి కొట్టు" అని ఆవిడే కేకలు.

ఒక శుక్రవారం బాణాసంచా రాత్రి అని తీసుకెళ్ళాను. కొలీజియం గురించి మీకు చెప్పాలి, 1966లో కట్టారు, కాంక్రీటు గిన్నె, బేస్‌బాల్‌కీ ఫుట్‌బాల్‌కీ కలిపి ఒకటే. ఒకప్పుడు అవతల కొండలు కనపడేవట, తొంభైల్లో ఫుట్‌బాల్ వాళ్ళ కోసం ఔట్‌ఫీల్డ్ వెనక గోడలాంటి స్టాండ్ ఒకటి లేపి కొండల్ని మూసేశారు, బేస్‌బాల్ రోజుల్లో దాని పై సీట్ల మీద టార్పాలిన్లు కప్పి ఉంచేవాళ్ళు, పెళ్ళయిపోయిన మర్నాడు షామియానాలాగా. 2013లో డ్రైనేజీ పొంగి ఆటగాళ్ళ గదుల్లోకి వచ్చేసింది, రెండు టీమ్‌లూ వెళ్ళి ఫుట్‌బాల్ వాళ్ళ గదుల్లో స్నానాలు చేశాయి. దేశంలోకెల్లా అధ్వాన్నమైన స్టేడియం అనేవాళ్ళు అందరూ. నిజమే. కానీ బయటి తిండి లోపలికి తెచ్చుకోనిచ్చేవాళ్ళు, అది ఎంతమంది చేస్తారు. అత్తయ్య పులిహోర, దద్దోజనం కట్టి తెచ్చారు, స్టాండ్‌లో మూత తీసేసరికి ముందు వరస డ్రమ్ములవాడు ఇంగువ వాసనకి వెనక్కి తిరిగి చూశాడు, వాడికీ ఒక ప్లేటు పెట్టారు.

మ్యాచ్ అయ్యాక బాణాసంచా చూడ్డానికి జనాన్ని గ్రౌండ్‌లోకి వదిలేవాళ్ళు. పిల్లలూ పెద్దలూ దుప్పట్లు పట్టుకుని ఔట్‌ఫీల్డ్ గడ్డి మీదకి పరుగు. అంచు దాకా వచ్చి అత్తయ్య ఆగిపోయారు. చెప్పులు విప్పారు. విప్పి, చేత్తో పట్టుకుని, గడ్డి మీద అడుగు పెట్టి, కాసేపు అలాగే నిలబడి, వంగి అరచేత్తో రాసి చూశారు. "రెడ్డిగారు నిలబడేది ఎక్కడండీ" అన్నారు. రైట్ ఫీల్డ్‌లోకి తీసుకెళ్ళాను. దుప్పటి అక్కడే పరిచాం. "మన గేదెల్ని తోలితే గంటలో ఊడ్చేస్తాయి" అన్నారు పడుకుని ఆకాశం వైపు చూస్తూ.

టీమ్ గుర్తు ఏనుగు. 1902లో ఈ టీమ్ ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు న్యూయార్క్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా తెల్ల ఏనుగుని కొనుక్కున్నారు వీళ్ళు అని ఎగతాళి చేస్తే, ఫిలడెల్ఫియా మేనేజర్ కాన్నీ మాక్ అవునయ్యా అని ఆ ఏనుగునే గుర్తుగా పెట్టుకున్నాడు. తెల్ల ఏనుగంటే మన పేపర్ల వాళ్ళకి చెప్పక్కర్లేదు. పిల్లాడికి నేనొక ఏనుగు బొమ్మ కొన్నాను, ఆ వినాయక చవితికి అత్తయ్య దాన్ని కూడా పీట మీద స్వామి పక్కన కూర్చోబెట్టి బొట్టు పెట్టారు, ఆయనా ఏనుగే ఈయనా ఏనుగేగా అని. జూన్ ఆఖరికి టెక్సస్ వాళ్ళకంటే 13 మ్యాచ్‌లు వెనకబడి ఉన్నవాళ్ళు, చవితి అయ్యాక ఐదారు రోజులకి కూడా, ఇంకా తొమ్మిది మ్యాచ్‌లే ఉన్నాయనగా, ఐదు వెనక ఉన్నారు. స్వామి కొంచెం ఆలస్యం చేశాడు అంతే.

ఆఖరి రోజు అక్టోబర్ 3, బుధవారం, టెక్సస్ వాళ్ళతోనే, ఇద్దరూ సమానం, గెలిచినవాళ్ళకి డివిజన్, అంటే వాళ్ళ గ్రూపులో మొదటి స్థానం. మధ్యాహ్నం మ్యాచ్. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. ఇంటి నంబరు నించి ఫోన్, పిల్లాడికేమన్నా అయిందా అని గుండె జారిపోయి బయటకొచ్చి ఎత్తితే, "అల్లుడుగారూ, వదిలేశాడు! చేతిలో పడ్డ బంతి వదిలేశాడు!" శేషుబాబు గాల్లోకి కొట్టిన బంతి సెంటర్ ఫీల్డ్‌లో జాష్ హామిల్టన్ గ్లవ్‌కి తగిలి కింద పడింది, ఇద్దరు పరిగెత్తేశారు, 5-5 కాస్తా 7-5. అరుస్తున్న ఆవిడ ఉన్నట్టుండి ఆగిపోయి గొంతు తగ్గించి "పాపం అతను ఎటు చూడాలో తెలీక నేల చూస్తున్నాడండీ" అన్నారు. 12-5తో గెలిచాం. సీజన్ మొత్తంలో టెక్సస్‌ని దాటి ఒంటరిగా మొదటి స్థానంలో నిలబడింది ఆ ఒక్క రోజే, అదే ఆఖరి రోజు.

తర్వాత డిట్రాయిట్‌తో ఐదు మ్యాచ్‌ల సిరీస్. నాలుగోది ఆఖరి నిమిషంలో కోకో గెలిపించాడు. ఐదోదానికి నేనూ అత్తయ్యా వెళ్ళాం, చలి, ఆవిడ చీర మీద నా జాకెట్, దాని మీద టోపీ. వర్లాండర్ అనేవాడు బంతులు వేశాడు. వాడి గురించి ఏం చెప్పను, 6-0, నాలుగంటే నాలుగే హిట్లు, 11 మందిని కదలనీయకుండా పంపించేశాడు. అయిపోయింది. అప్పుడు జనం వెళ్ళిపోలేదు. అందరూ లేచి నిలబడి లెట్స్ గో ఓక్లండ్ అని డ్రమ్ములకి తగ్గట్టు అరుస్తూనే ఉన్నారు, అవతల డిట్రాయిట్ వాళ్ళు గంతులేస్తుంటే ఇవతల మనవాళ్ళు బయటకొచ్చి టోపీలు తీసి ఊపారు. అత్తయ్య కూడా లేచారు. "మనవాళ్ళయితే ఈపాటికి బాటిళ్ళు పడేవి" అన్నారు, 1996లో ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంక మ్యాచ్ ఆవిడకింకా గుర్తుంది. నవంబర్‌లో టోపీ సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

అక్కణ్ణించి ఫోన్లోనే. ఆదివారం కాల్ చేస్తే కూతురి బాగోగులు, మనవడి దగ్గు, తర్వాత రెడ్డిగారు ఎలా ఉన్నారు. 2013లో మళ్ళీ డివిజన్, మళ్ళీ డిట్రాయిట్, మళ్ళీ ఐదో మ్యాచ్, మళ్ళీ ఆ వర్లాండరే. 2014 జులై 31న శేషుబాబుని బోస్టన్‌కి ఇచ్చేసి జాన్ లెస్టర్ అనే పిచ్చర్ని (బంతులేసేవాణ్ణి) తెచ్చారు, ఆ లెస్టరే కాన్సస్ సిటీలో ఒక్క మ్యాచ్ తాడోపేడో ఆడుతుంటే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 7-3తో ముందుండి కూడా, వాళ్ళు ఏడు బేస్‌లు దొంగతనం చేసి (ఎవరూ కొట్టకుండానే పక్క బేస్‌కి పరిగెత్తేయడం), 12 ఇన్నింగ్స్‌లో 9-8తో మనల్ని ఓడించారు. దాని గురించి ఎక్కువ రాయను. ఆ చలికాలమే మన ఆటగాడు డొనాల్డ్‌సన్‌ని టొరంటోకి పంపేశారు, వాడు మరుసటి ఏడాదే అక్కడ ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అయ్యాడు. 2016 ఆగస్టు 1న రెడ్డిగార్ని కూడా డాడ్జర్స్‌కి ఇచ్చేశారు.

ఆ రోజు చెప్పలేక చెప్పాను. కాసేపు ఫోన్లో ఏం మాట్లాడలేదు ఆవిడ. తర్వాత, "పెంచి పెద్ద చేసి ఇంకొకళ్ళింటికి పంపించడమేనా వీళ్ళ పని, ఆడపిల్లల్ని కన్నట్టుంది" అన్నారు. నా పక్కన మా ఆవిడ కూరగాయలు తరుగుతోంది, స్పీకర్లో వింటోంది, కత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

నిజానికి ఇది ఇవాళ్టి రోగం కాదు. కాన్నీ మాక్ ఫిలడెల్ఫియాలో రెండుసార్లు గొప్ప టీమ్ కట్టి రెండుసార్లూ డబ్బుల్లేక విడదీసి అమ్మేశాడు. 1955లో కాన్సస్ సిటీకి వెళ్ళారు, 1968లో ఓక్లండ్ వచ్చారు. 1972, 73, 74 వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు (ఏడాది ఫైనల్ కప్పు) గెలిచిన టీమ్‌ని చార్లీ ఫిన్లీ అనే ఓనరు 1976లో ముగ్గుర్ని ఒకేసారి మూడున్నర మిలియన్లకి అమ్మబోతే కమిషనర్ అడ్డం పడి ఆపాడు. ఆఖరి కప్పు 1989, పక్క ఊరు శాన్ ఫ్రాన్సిస్కో మీద, మధ్యలో అక్టోబర్ 17న మూడో మ్యాచ్ మొదలవబోతుంటే భూకంపం. నేను చూసిన ఇరవై రెండేళ్ళలో తెహాడా, హడ్సన్, మల్డర్, జీటో, ఒక్కొక్కడూ పేరొచ్చేదాకా మనవాడు, పేరొచ్చాక ఎవరివాడో. రెడ్డిగారు 2017లో హ్యూస్టన్ తరఫున వరల్డ్ సిరీస్ గెలిచారు, అత్తయ్య పాయసం చేశారు. ఆ హ్యూస్టన్ వాళ్ళు ఆ ఏడాది చెత్తడబ్బా మోగించి అవతలివాళ్ళ సైగలు దొంగిలించారని తర్వాత తేలింది. ఆ సంగతి ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు, మీరూ చెప్పకండి.

స్టేడియం కథ కూడా ఒకటుంది, త్వరగా చెప్పేస్తాను, లేకపోతే బీపీ. 2006లో మా ఫ్రీమాంట్‌లోనే కడతామన్నారు, నేను ఇల్లు కొంటూ అది కూడా లెక్కేసుకున్నాను, 2009 ఫిబ్రవరిలో మానేశారు. తర్వాత శాన్ హోసే, అది మా ఇలాకా అని శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళు ఒప్పుకోలేదు. తర్వాత ఓక్లండ్‌లోనే కాలేజీ పక్కన, తర్వాత ఓడరేవు దగ్గర, బొమ్మలు మాత్రం అద్భుతంగా గీశారు అన్నిటికీ. 2021 అయ్యాక ఓల్సన్, చాప్‌మన్, బాసిట్, మనాయా అందర్నీ పంపేశారు, 2022లో 102 ఓటములు, 2023లో 112. టికెట్ రేట్లు పెంచి, ఆటగాళ్ళని అమ్మి, జనం రావట్లేదు చూశారా అన్నారు. 2023 మేలో ఒక రాత్రి 2,064 మంది, మా కాలనీ సంక్రాంతి ముగ్గుల పోటీకి అంతకంటే ఎక్కువ వస్తారేమో. జూన్ 13న ఫ్యాన్సే ఒక మాట అనుకుని 27,759 మందిమి వెళ్ళాం, టీమ్ అమ్మెయ్ అని రాసున్న పచ్చ టీషర్టులు పంచారు, ఐదో ఇన్నింగ్స్ మొదట్లో స్టేడియం అంతా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా అదే అరుపు. ఆ రోజు గెలిచారు కూడా, 2-1. నవంబర్‌లో మిగతా ఓనర్లందరూ కలిసి వేగస్‌కి వెళ్ళడానికి సరేనని చెయ్యెత్తేశారు.

2024 సెప్టెంబర్ 26, గురువారం, కొలీజియంలో ఆఖరి మ్యాచ్. పన్నెండేళ్ళ మావాణ్ణి స్కూలు మాన్పించి తీసుకెళ్ళాను. వాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి, వాడి టీమ్ కూడా ఓక్లండ్ వదిలి వంతెన దాటి వెళ్ళిపోయిందే, వాడికేమీ అనిపించలేదు, నాన్నా రెండున్నర గంటలేగా అని వచ్చాడు. 46,889 మంది. పాత ఆటగాళ్ళు రికీ హెండర్సన్, డేవ్ స్టూవర్ట్ మొదటి బంతులు వేశారు, 1,406 బేస్‌లు దొంగిలించిన రికీ అప్పటికి బాగానే ఉన్నట్టు కనిపించాడు, డిసెంబర్‌లో పోయాడు. టెక్సస్ వాళ్ళతోనే మ్యాచ్, 3-2తో గెలిచాం. మేనేజర్ కాట్సే మైకు పట్టుకుని మాట్లాడి, ఆఖరిసారి లెట్స్ గో ఓక్లండ్ అనిపించాడు. గ్రౌండు పనివాళ్ళు కొందరికి కప్పుల్లో మట్టి ఎత్తి ఇస్తున్నారు, మా దాకా రాలేదు. జనం కదలట్లేదు. మావాడు కూడా ఫోన్ లోపల పెట్టేసి రైట్ ఫీల్డ్ వైపు చూస్తూ కూర్చున్నాడు, "అమ్మమ్మ పడుకుంది అక్కడేనా" అన్నాడు, ఫోటో చూశాడు ఎప్పుడో.

స్టేషన్ వంతెన మీదకి వచ్చేసరికి నాలుగు దాటింది, అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర, ఆవిడ లేచే టైమే. కాల్ చేశాను. వెనక చీపురు చప్పుడు ఆగింది.

"అయిపోయిందా అల్లుడుగారూ?"

"అయిపోయింది అత్తయ్యా."

"గెలిచారా?"

"గెలిచారు. 3-2."

"గెలిచారుగా" అన్నారు. "మరింకెందుకు పంపించేస్తున్నారు?"

బార్ట్ వచ్చింది, ఏమీ వినపడలేదన్నట్టు హలో హలో అన్నాను.